ఎన్‌ఎస్‌ఎస్‌ గంటలు.. నైట్‌ షెల్టర్‌లో!

ఎన్‌ఎస్‌ఎస్‌లో ఏడాదికి 120 గంటలు సేవ చేయాలి. చాలాచోట్ల మొక్కలు, ర్యాలీలతోనే అయిపోతాయి (ఫొటోలు మాత్రం బాగా వస్తాయి!). ఈసారి మీ ఊళ్లోని నైట్‌ షెల్టర్‌కి వెళ్లండి. అక్కడివాళ్లకు జ్వరమొస్తే ఆసుపత్రిదాకా తోడొచ్చేవాళ్లుండరు. ఓపీ చీటీ రాయించి, ఆధార్‌ దరఖాస్తు నింపిపెట్టే మనిషి కావాలి. దానికి ఎంబీబీఎస్‌ అక్కర్లేదు.

ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్‌ ఆఫ్‌ సోషల్‌ సైన్సెస్‌ 2006లోనే నిరాశ్రయుల కోసం ‘కోశిష్‌’ ప్రాజెక్టు మొదలుపెట్టింది. బెగ్గర్స్‌ హోమ్‌లో ఉన్నవారికి వైద్యం, న్యాయసాయం, పని, ఇంటివాళ్ల ఆచూకీ.. అన్నీ చూసింది. మన వర్సిటీలూ ఇలాంటి పనికి క్రెడిట్లు ఇవ్వొచ్చు. ఎంఎస్‌డబ్ల్యూ, నర్సింగ్‌, బీటెక్‌ వాళ్లని ఒకే టీమ్‌లో వేస్తే ఇంకా మేలు.

ఒక్కటే షరతు, వారం వారం వెళ్లాలి. టీబీ మందులు కనీసం ఆరు నెలలు ఆపకుండా వాడాలి. చిరునామా లేని మనిషికి ఆ సంగతి గుర్తుచేసేదెవరు? మీ ప్రోగ్రామ్‌ ఆఫీసర్‌ని ఇదే అడగండి.