పునాదికి ముందు లక్ష

ఇందిరమ్మ ఇంటికి తెలంగాణ ప్రభుత్వం ప్రకటించిన సాయం 5 లక్షలు. పునాదికి లక్ష, గోడలకు లక్షా 25 వేలు, స్లాబుకు లక్షా 75 వేలు, అంతా పూర్తయ్యాక మిగిలిన లక్ష. ఏ విడతైనా పని అయ్యాకే. అంటే మొదటి రూపాయి ఖాతాలో పడకముందే ముగ్గు పోసి, గుంతలు తీసి, సలాక కట్టించి, మేస్త్రీకి కూలీ లెక్క తేల్చి ఉండాలి. సింగరేణి బొగ్గు గనుల ఊరు మందమర్రిలో రేకుల ఇంట్లో ఉండే కాంట్రాక్టు కార్మికుడి ఇల్లు ఆగితే ఇక్కడే ఆగుతుంది.

ఆ తొలి లక్షను నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడనుకుందాం. నెలకు 2 వేలు, ఏడాదికి 24 వేలు. అసలు మాత్రం కదలదు. చివరి బిల్లు ఏడాదికి చేతికొస్తే, సర్కారు సొమ్ములో దాదాపు 5 శాతం వడ్డీ వ్యాపారి గల్లాలో పడ్డట్టే. మహిళా సంఘాల నుంచి లక్ష దాకా అప్పు ఇప్పించే ఏర్పాటూ ఉంది. బయటి వడ్డీతో పోలిస్తే నయమే కానీ, అదీ అప్పే, దానికీ వడ్డీ ఉంది.

సింగరేణి పర్మినెంట్ కార్మికుడి సంగతి వేరు. ఇల్లు కట్టుకుంటే 10 లక్షల వరకు రుణంపై వడ్డీని సంస్థే భరిస్తుంది. 8 శాతం అనుకున్నా తొలి ఏడాదే దాదాపు 80 వేలు మిగులుతుంది. అదే బాయి దగ్గర, అదే షిఫ్టులో పనిచేసే కాంట్రాక్టు మనిషికి ఆ వెసులుబాటు లేదు. వడ్డీ భారం ఎవరు మోయలేరో వాళ్ల మీదే పడుతోంది.

ఈ ఖాళీని పూడ్చే పద్ధతి మనకు కొత్తేం కాదు. మిలార్డ్ ఫుల్లర్, లిండా ఫుల్లర్ దంపతులు 1976లో అమెరికాలో స్థాపించిన హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ మన దేశంలో పని మొదలుపెట్టింది 1983లో, ఖమ్మంలో. దాని సూత్రం తేలిక. లాభం లేదు, వడ్డీ లేదు. కుటుంబం తన చెమట కూడా కలపాలి. నెలనెలా కట్టే వాయిదాలు ఇంకో కుటుంబం ఇంటికి పెట్టుబడి అవుతాయి.

దీన్ని మందమర్రికి అన్వయించి చూద్దాం. ఒక స్వచ్ఛంద సంస్థ దగ్గర 20 లక్షలు ఉన్నాయి. తలా లక్ష దానమిస్తే 20 ఇళ్ల దగ్గర కథ ముగుస్తుంది. అదే లక్షను వడ్డీ లేకుండా ఏడాదికి అప్పుగా ఇచ్చి, చివరి బిల్లు రాగానే తిరిగి తీసుకుంటే, ఐదేళ్లలో 100 కుటుంబాలు పునాది వేస్తాయి. వాళ్లకు తప్పే వడ్డీ 24 లక్షలు, అంటే పెట్టిన మూలధనం కంటే ఎక్కువ! కొన్ని బాకీలు మొండికేయడం ఖాయం. పదింటిలో ఒకటి రాకపోయినా దానం కంటే ఈ దారే మేలన్నది నా లెక్క.

అసలు చిక్కు జాగ దగ్గర. మందమర్రి ఏజెన్సీ ప్రాంతం, 1/70 చట్టం అమలులో ఉంది. గిరిజనేతరులకు స్థిరాస్తి బదలాయింపు చెల్లదు. దానికి తోడు చాలా జాగ సింగరేణిది. కంపెనీ ప్రభుత్వానికి అప్పగించిన జాగల్లో ఇళ్లను క్రమబద్ధం చేయడానికి జీవో 76 వచ్చింది. అయితే రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింద వచ్చిన చట్టాన్ని ఒక జీవో దాటలేదు. రిజిస్ట్రేషన్ కాగితం చూపలేని ఇంటిని బ్యాంకు తాకట్టు పెట్టుకోదు. మునిసిపాలిటీని అడుగుదామంటే, షెడ్యూల్డ్ ప్రాంతాలకు పురపాలక నిబంధనలు వర్తించవన్న రాజ్యాంగ మెలిక (243జడ్‌సీ) వల్ల దశాబ్దాలుగా ఇక్కడ ఎన్నికలే లేవు. వార్డు సమస్య చెప్పుకోవడానికి కౌన్సిలరే లేడు.

మందమర్రి జనాభా 2001లో 66,176, 2011లో 52,352. 1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి కార్మికుల సంఖ్య ఇప్పుడు సుమారు 40 వేలకు దిగింది. ఊరు చిన్నదైనా ఇళ్ల కొరత తీరలేదు. కంపెనీ క్వార్టర్ ఉద్యోగం ఉన్నంతవరకే. రిటైరైతే తాళం అప్పగించాల్సిందే. ఇల్లు లేనివాళ్లకు స్వచ్ఛంద సంస్థలు నడిపే పట్టణ షెల్టర్ల కొలత లక్ష జనాభాకు ఒకటి, మనిషికి 50 చదరపు అడుగులు. ఆ కొలతకు మందమర్రి జనాభా సగమే తూగుతుంది.

అందుకే ఇక్కడికి వచ్చే ఏ సంస్థ అయినా తాకట్టు అడగకుండా పదేసి కుటుంబాలను ఒకరికొకరు హామీగా నిలబెట్టాలి. ఇటుక కొనే ముందే ఏ జాగ కంపెనీది, ఏది రెవెన్యూది, ఏది గిరిజనుడిదో వార్డువారీగా తేల్చుకోవాలి. గిరిజనుడి జాగలో వేరొకరికి ఇల్లు కట్టిపెడితే, వడ్డీ లేని అప్పు కూడా అన్యాయమే అవుతుంది.