4.3 సాంస్కృతిక వారసత్వ అధ్యయనం: డేటాబేస్, డిజిటల్ పటం

తొట్లకొండకు ఆ పేరు కొండరాతిలో తొలిచిన నీటితొట్ల వల్ల వచ్చింది. బావికొండకు బావుల వల్ల వచ్చింది. విశాఖపట్నం – భీమునిపట్నం తీరంలోని ఈ కొండలపై నివసించిన బౌద్ధ భిక్షువులకు వర్షపు నీరే ఆధారం. విడివిడిగా చూస్తే ఇవి శిథిలాలు మాత్రమే. ఒకే పటం మీద ఉంచితే వాటి మధ్య సంబంధాలు మీకు కనిపిస్తాయి.

4.3.1 డేటాబేస్

డేటాబేస్‌లో ఒక స్థలానికి ఒక వరుస ఉంటుంది. పేరు, అక్షాంశ రేఖాంశాలు, కాలం, సంరక్షించే శాఖ, ప్రస్తుత స్థితి అన్నవి నిలువు గడులు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. భీమిలిలోని పావురాళ్ళకొండను స్థానికులు నరసింహస్వామి కొండ అని కూడా అంటారు. రెండు పేర్లతో రెండు వరుసలు రాస్తే ఒకే స్థలాన్ని రెండుసార్లు లెక్కించినట్లవుతుంది. 1907–08లో అలెగ్జాండర్ రీ తవ్వకాలు జరిపిన శంకరం నాడు విశాఖపట్నం జిల్లాలోనిది. 2022 ఏప్రిల్ నుండి అనకాపల్లి జిల్లాలోనిది. పేర్లు, జిల్లాలు మారుతాయి. అక్షాంశ రేఖాంశాలు మారవు. అందువల్ల ప్రతి స్థలానికి ఒక ప్రత్యేక సంఖ్య ఇచ్చి, పాత, కొత్త పేర్లన్నీ దాని కిందే నమోదు చేయాలి.

4.3.2 పొరల పటం

భౌగోళిక సమాచార వ్యవస్థ (జీ.ఐ.ఎస్.) సమాచారాన్ని పొరలుగా పేరుస్తుంది: స్థలాలు ఒక పొర, కొండల ఎత్తు ఒకటి, చెరువులు, వాగులు ఒకటి, నేటి రోడ్లు, కట్టడాలు మరొకటి. తొట్లకొండలో రాష్ట్ర పురావస్తు శాఖ 1988–93 మధ్య తవ్వకాలు జరిపింది. తరువాత లార్స్ ఫోగెలిన్ ఆరామం చుట్టూ ఉన్న నేలను సర్వే చేసి, రాతి గుట్టలు, నివాస ఆనవాళ్ళు నమోదు చేశారు. ఆరామం చుట్టుపక్కల జనజీవితానికి దూరంగా లేదని ఆ సర్వే చూపింది.

4.3.3 బిందువా, పరిధా?

స్తూపాన్ని పటంపై ఒక బిందువుగా గుర్తిస్తే ఆ రాతి గుట్టలు లెక్కలోకి రావు. పరిధి గీస్తే వస్తాయి. తొట్లకొండ రక్షిత ప్రాంతం ఎంతవరకు అన్న వివాదం హైకోర్టు దాకా వెళ్ళింది. నగరం పెరిగేచోట గీత ఎక్కడ గీశారన్నదే ఏది మిగులుతుందో నిర్ణయిస్తుంది.

ఒక హెచ్చరిక: కాపలా లేని స్థలాల ఖచ్చితమైన అక్షాంశ రేఖాంశాలను బహిరంగపరచకండి. గుప్తనిధుల కోసం తవ్వేవారికి అవి దారి చూపుతాయి.

అభ్యాసం: మీ ఊరిలోని ఐదు పురాతన స్థలాలకు పై గడులతో ఒక పట్టిక తయారుచేయండి. ప్రతి స్థలానికి బిందువు చాలునా, పరిధి అవసరమా? కారణం రాయండి.