తెలుగుకు తెర తీసినవాళ్లు

వెబ్ పుట్టినప్పుడు దానికి తెలుగు రాదు. కంప్యూటర్‌లో తెలుగుకు చోటు దొరికాక కూడా పదేళ్లకు పైగా ఆ చోటు దాదాపు ఖాళీగానే ఉంది. దాన్ని నింపింది ఉద్యోగాలు చేసుకుంటూ, తీరిక వేళల్లో, పైసా ఆశించకుండా పనిచేసిన కొద్దిమంది.

సూరత్ నుంచి నవసారి వెళ్లే రోడ్డులో ఉధ్నా, భేస్తాన్ దాటాక వచ్చే పారిశ్రామిక శివారు ఉన్. బట్టల నగరంగా పేరుపడ్డ సూరత్‌కు తెలంగాణ జిల్లాల నుంచి నేత పని వెతుక్కుంటూ వచ్చి స్థిరపడిన కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు నడిపేంత సంఖ్యలో ఉన్నాయి. ఇలాంటి శివారులో షిఫ్టు దిగిన ఓ కార్మికుడు ఫోన్ తీసి 'జీతం పడింది, రేపు పంపుతా' అని తెలుగులో కొడితే, సిరిసిల్లలోనో వరంగల్‌లోనో ఉన్న ఇంట్లో అదే తెలుగు, అదే క్షణంలో కనిపిస్తుంది. ఇందులో వింతేముందని ఇప్పుడెవరైనా అడగొచ్చు. పాతికేళ్ల కిందట అయితే, అమెరికాలో కంప్యూటర్ ఇంజనీరుగా ఉన్న తెలుగువాడు కూడా ఇంటికి ఇలా రెండు ముక్కలు రాయలేకపోయేవాడు.

వెబ్ సృష్టికర్త టిమ్ బెర్నర్స్ లీ పేరు అందరికీ తెలుసు. స్విట్జర్లాండ్‌లోని సెర్న్ పరిశోధనశాలలో పనిచేస్తూ 1989 మార్చిలో ఆయన తొలి ప్రతిపాదన రాశారు. 1991లో అది లోకానికి అందింది. 1993 ఏప్రిల్ 30న సెర్న్ ఆ పరిజ్ఞానాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని ప్రకటించింది. అదే ఏడాది అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో మార్క్ ఆండ్రీసెన్, ఎరిక్ బినా తయారుచేసిన మొజాయిక్ బ్రౌజర్‌తో వెబ్ మామూలు జనం చేతికొచ్చింది. 2012 లండన్ ఒలింపిక్స్ ఆరంభోత్సవంలో బెర్నర్స్ లీ స్టేడియం మధ్యలో కూర్చుని పంపిన సందేశం కూడా అదే చెప్పింది: ఇది అందరిదీ అని.

అయితే ఆ 'అందరి'లో తెలుగువాడు చేరడానికి వేరే మనుషులు కావాల్సి వచ్చింది.

ఇంగ్లీషు ముసుగులో తెలుగు

అప్పటి కంప్యూటర్లు ఆస్కీ అనే పద్ధతిలో అక్షరాలను గుర్తుపెట్టుకునేవి. అందులో ఉన్నవి మొత్తం 128 స్థానాలు. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, విరామ చిహ్నాలతోనే అవి సరిపోయాయి. గుణింతాలు, వత్తులు, సంయుక్తాక్షరాలు ఉన్న తెలుగుకు అందులో జాగా లేదు. 1990ల మొదట్లో అమెరికా విశ్వవిద్యాలయాల్లో చదువుకునే తెలుగు విద్యార్థులు యూజ్‌నెట్ చర్చా బృందాల్లో కలుసుకునేవారు. సినిమాల నుంచి ఛందస్సు దాకా అన్నీ మాట్లాడుకునేవారు. రాసేది మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో. దాంతో ఎవరి స్పెల్లింగ్ వారిదయ్యేది. 'పాట' అన్నారో 'పట' అన్నారో చదివేవారే ఊహించుకోవాలి.

ఈ గందరగోళానికి ఒక పద్ధతి తెచ్చినవారు హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో చదువుకున్న కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్. వారు రూపొందించిన లిప్యంతరీకరణ పద్ధతికి ఆ విశ్వవిద్యాలయం పేరే స్థిరపడింది. ఆర్.టి.ఎస్. అని పిలుచుకునే ఆ పద్ధతి సూత్రం చాలా సులువు. చిన్న బడి 'టి' కొడితే త, పెద్ద బడి 'టి' కొడితే ట. చిన్న 'ఎన్'కు న, పెద్ద 'ఎన్'కు ణ. ఒక్కో రాతకు ఒకే తెలుగు అక్షరం. అంటే మనిషి చదవగలిగే ఆ ఇంగ్లీషు రాతను యంత్రం కూడా పొరపాటు లేకుండా తెలుగులోకి మార్చగలదు. దాదాపు అదే కాలంలో ముక్కవిల్లి లక్ష్మి, లక్ష్మణకుమార్ టెక్ అనే ముద్రణ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు అక్షరాలు వచ్చే ఏర్పాటు చేశారు. తెలుగు కంప్యూటర్‌లో టైపవడమే కాదు, అందంగా అచ్చు కావడం కూడా అలా సాధ్యమైంది.

భారతదేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ వచ్చింది 1995 ఆగస్టు 15న, వీఎస్ఎన్ఎల్ ద్వారా. ఆ సరికే విదేశాల్లోని తెలుగువారు నెట్‌లో తమ మాటను ఎలా రాయాలో తేల్చుకున్నారు. 1998లో అమెరికాలోని సాహిత్యాభిమానులు 'ఈమాట' వెబ్ పత్రిక మొదలుపెట్టారు. అది ఇప్పటికీ నడుస్తోంది.

ఫాంట్ల బందిఖానా

1990ల చివరికి తెలుగు పత్రికలు వెబ్‌సైట్లు తెరిచాయి. తెరమీద తెలుగు కనిపించింది. కానీ అదంతా ఒక కనికట్టు. కంప్యూటర్ దృష్టిలో అవి ఇంగ్లీషు అక్షరాలే. ఇంగ్లీషు 'ఎ' ఉన్న చోట తెలుగు అక్షరం బొమ్మను గీసే ఫాంటును పాఠకుడు ముందుగా దించుకోవాలి. ఒక పత్రిక ఫాంటు మరో పత్రికకు పనికిరాదు. అందుకే నాలుగు పత్రికలు చదవాలంటే నాలుగు ఫాంట్లు కావాలి. ఫాంటు లేకపోతే తెరనిండా పిచ్చిగీతలు. అలాంటి పేజీల్లో ఒక తెలుగు మాటను వెతకడం అసాధ్యం. ఒక సైట్‌లోని వార్తను ఉత్తరంలో అతికించి పంపితే అవతలివారికి అర్థంలేని అక్షరాల గుట్ట చేరేది.

విచిత్రమేమిటంటే, ఈ జబ్బుకు మందు అప్పటికే ఉంది. ప్రపంచంలోని ప్రతి లిపికీ సొంత స్థానాలిచ్చే యూనికోడ్ తొలి ప్రమాణం 1991 అక్టోబరులోనే వచ్చింది. అందులో తెలుగుకు 128 స్థానాలు దక్కాయి. దీని వెనక భారతీయ నిపుణుల కృషి కూడా ఉంది. ఐఐటీ కాన్పూర్‌లో మొదలై సీడాక్‌లో కొనసాగిన పరిశోధన భారతీయ లిపులన్నిటినీ ఒకే అమరికలోకి తెచ్చింది. బ్రాహ్మి నుంచి పుట్టిన లిపులన్నిటి వర్ణమాల ఒకటే కదా అన్నది దాని మూలసూత్రం. యూనికోడ్ ఆ ఇస్కీ అమరికనే స్వీకరించింది. అందుకే సూరత్ దుకాణాల బోర్డుల మీద కనిపించే గుజరాతీ 'క' తన వరుసలో ఎన్నో స్థానంలో ఉందో, తెలుగు 'క' కూడా తన వరుసలో సరిగ్గా అదే స్థానంలో ఉంటుంది.

స్థానాలు కేటాయించినంత మాత్రాన అక్షరాలు తెరమీదికి రావు. వాటిని గీసే ఫాంటు కావాలి, వత్తును ఎక్కడ పెట్టాలో తెలిసిన సాఫ్ట్‌వేర్ కావాలి, టైపు చేసే దారి కావాలి. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో మైక్రోసాఫ్ట్ 'గౌతమి' అనే తెలుగు ఫాంటు ఇచ్చింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు 'పోతన', 'వేమన' ఫాంట్లను యూనికోడ్‌కు అనువుగా తీర్చిదిద్ది ఉచితంగా పంచారు. అయినా జనం పాత దారిలోనే నడిచారు. కొత్త ఇల్లు సిద్ధమైంది గానీ గృహప్రవేశం చేసేవారు లేరు.

చేతులు మారిన పని

ఆ గృహప్రవేశం 2003 డిసెంబరులో జరిగింది. ఆ నెల 10న తెలుగు వికీపీడియా మొదలైంది. దానికి చొరవ తీసుకున్నది అమెరికాలోని సాఫ్ట్‌వేర్ ఇంజనీరు వెన్న నాగార్జున. మొదట్లో అక్కడ పేజీలు వేళ్లమీద లెక్కపెట్టేన్నే. చావా కిరణ్, వైజాసత్య, మాకినేని ప్రదీప్ వంటివారు చేరాక ఊపొచ్చింది. మన ఊళ్ల గురించి, నదుల గురించి, కవుల గురించి యూనికోడ్ తెలుగులో, ఎవరైనా వెతుక్కుని చదవగలిగే రూపంలో సమాచారం పోగుపడసాగింది.

నాగార్జున చేసిన రెండో మేలు 'పద్మ'. పత్రికల సొంత ఫాంట్లలో ఉన్న పేజీని అప్పటికప్పుడు యూనికోడ్‌లోకి మార్చి చూపించే ఈ ఉపకరణం ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లో పనిచేసేది. ఫాంట్ల బందిఖానాకు అదొక తాళంచెవి. అంతకన్నా ముఖ్యమైన సంగతి, ఆయన ఆ ప్రోగ్రాం మూలాన్ని దాచుకోలేదు. ఎవరైనా తీసుకుని మార్చుకోవచ్చన్నారు.

వీవెన్ దాన్ని తీసుకున్నారు. 2006లో ఆయన రూపొందించిన 'లేఖిని'లో పని జరిగేది పద్మ ఇంజనుతో, రాత నియమాలు రైస్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఆర్.టి.ఎస్.వి. తెరమీద రెండు పెట్టెలు. పైదాంట్లో ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే కిందిదాంట్లో తెలుగు వస్తుంది. దాన్ని తీసి కావలసినచోట అతికించుకోవడమే. కంప్యూటర్‌లో ఏదీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. అప్పట్లో ఎక్కువమంది నెట్ వాడింది ఇంటర్నెట్ కేఫుల్లో. గంటకింతని అద్దెకిచ్చే ఆ కంప్యూటర్లలో కొత్త ఫాంట్లు, కీబోర్డులు వేసుకోనిచ్చేవారు అరుదు. లేఖిని ఆ అడ్డు తొలగించింది. తెలుగు టైపింగ్ నేర్చుకోనివారు కూడా ఆ సాయంత్రమే తెలుగులో రాయడం మొదలుపెట్టారు. గృహిణులు, విశ్రాంత ఉద్యోగులు, విద్యార్థులు తమ బ్లాగులు తెరిచారు. వాటన్నిటినీ ఒకచోట చూపించేందుకు వీవెనే 'కూడలి' కట్టారు. ఆ తర్వాత 'ఈ-తెలుగు' పేరుతో కొందరు ఔత్సాహికులు హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలో స్టాలు పెట్టి, కంప్యూటర్‌లో తెలుగు రాయొచ్చని వచ్చేపోయేవారికి చేసి చూపించారు.

గమనిస్తే ఇదంతా ఒకే దారంగా కనిపిస్తుంది. విద్యార్థులు వేసిన పద్ధతిని ఒక ఇంజనీరు అందుకున్నారు, ఆయన పనిని మరొకరు అందుకున్నారు. ఎవరూ పేటెంట్ తీసుకోలేదు. వెబ్ సృష్టిలో సెర్న్ పాటించిన ధర్మమే ఇక్కడా నడిచింది.

పెద్ద సంస్థలు ఆ తర్వాత వచ్చాయి. గూగుల్ వంటి కంపెనీలు ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చే సౌకర్యాన్ని అందించాయి. పత్రికలు ఒక్కొక్కటీ యూనికోడ్‌కు మారాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం యూనికోడ్ కన్సార్టియంలో చేరింది, కొత్త ఫాంట్లు విడుదల చేయించింది. స్మార్ట్‌ఫోన్ వచ్చాక తెలుగు కీబోర్డు జేబులోకే చేరింది.

మిగిలిన బాకీ

అలాగని పని పూర్తయిందనుకోవడానికి లేదు. 2018 ఫిబ్రవరిలో ఒకే ఒక్క తెలుగు సంయుక్తాక్షరం ప్రపంచవ్యాప్తంగా ఐఫోన్లను స్తంభింపజేసింది. 'జ్ఞా'ను ఒక ప్రత్యేక పద్ధతిలో రాసి పంపితే, దాన్ని గీయబోయి యాప్‌లు కుప్పకూలేవి. ఆపిల్ అదే నెలలో సవరణ విడుదల చేయాల్సి వచ్చింది. 'విజ్ఞానం', 'జ్ఞాపకం' అని తెలుగువాళ్లు రోజూ రాసే అక్షరాన్ని ప్రపంచంలోనే అతి సంపన్న కంపెనీల్లో ఒకటి సరిగా పరీక్షించి చూడలేదన్నమాట.

ఇంతకన్నా పెద్ద బాకీ ఇంటి దగ్గరే ఉంది. డీటీపీ కేంద్రాల్లో అను వంటి పాత ఫాంట్లలో కూర్చిన పుస్తకాల ఫైళ్లు ఇప్పటికీ యూనికోడ్‌కు మారని స్థితిలోనే చాలా ఉన్నాయి. కాగితం మీద అవి తెలుగే. కంప్యూటర్‌కు మాత్రం అర్థంలేని గుర్తులు. వాటిలో ఒక మాట వెతకలేం, అంధులకు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ వాటిని చదవలేదు. కంప్యూటర్లకు భాష నేర్పాలంటే కావాల్సింది పుస్తకాలే కాబట్టి, తెరకెక్కని తెలుగు రేపటి యంత్రాల దృష్టిలో లేనట్టే. ఆ ఫైళ్లను మార్చే పరిజ్ఞానం కొత్తదేమీ కాదు. పద్మ చేసి చూపించిందే. లేనిదల్లా పట్టుదల.

బెర్నర్స్ లీని బ్రిటన్ సర్ బిరుదుతో గౌరవించింది. ఆర్.టి.ఎస్., పద్మ, లేఖిని వెనక ఉన్నవారి పేర్లు తెలుగు పాఠ్యపుస్తకాలు చదివే పిల్లల్లో ఎందరికి తెలుసు? ఉన్‌లో షిఫ్టు దిగి ఇంటికి నాలుగు మాటలు కొట్టే కార్మికుడికి ఆ పేర్లు తెలియకపోయినా నష్టం లేదు. ఆయన తెలుగులో రాస్తే చాలు. వాళ్లు కోరుకున్నదీ అంతే.