చేవెళ్ల దారిలో మర్రిచెట్లు

మర్రిచెట్టును ఎరుగని తెలుగువారుండరు. రచ్చకట్ట, సంత, బళ్లు విప్పుకొను మజిలీ - వీనిలో ఏదో యొకటి మర్రినీడన ఉండుట మన గ్రామములలో పరిపాటి. మన దేశపు జాతీయ వృక్షము గూడ ఇదియే. అయినను మర్రిపూవు ఎట్లుండునని అడిగినచో చాలమంది తడబడుదురు. మర్రి పూయకయే కాయునని తలచువారే ఎక్కువ. ఇంత పరిచితమైన చెట్టును గూర్చి మనకు తెలిసినది ఇంత తక్కువ. ఆ కొరతను తీర్చుటకు హైదరాబాదునకు పడమట నున్న ఒక రహదారి, దానిని కాపాడ బూనిన కొందరు పౌరులు ఇటీవలి కాలమున కారణమైరి.

హైదరాబాదు నుండి మొయినాబాదు, చేవెళ్ల, మన్నెగూడ, పరిగి, కొడంగలుల మీదుగా విజాపురమునకు పోవు రహదారి యొకటి గలదు. దీని కిరుప్రక్కల నిజాము పాలనా కాలమున బాటసారుల నీడకై మర్రిచెట్లు నాటించిరి. దారుల వెంట మర్రులు నాటించుట మన దేశమున ప్రాచీనమైన ఆచారము. అశోకుని ఏడవ స్తంభశాసనము కూడ ఈ పనిని పేర్కొనుచున్నది. నగరపు శివారున పోలీసు అకాడమీ కూడలి నుండి మన్నెగూడ వరకు సుమారు 46 కిలోమీటర్ల దూరములో ఇట్టి మర్రులు తొమ్మిది వందలకు పైగా మిగిలియున్నవి. రహదారిని వెడల్పు చేయవలసి వచ్చినపుడు వీనిని ఏమి చేయవలెనను ప్రశ్న పుట్టినది.

లెక్కతో మొదలైన రక్షణ

ఇతర దేశములలో ప్రకృతి రక్షణకై స్వచ్ఛందముగ పనిచేయు సంఘములు పెక్కు గలవు. అమెరికాలోని మిచిగన్ రాష్ట్రమున ఔసేబుల్ నది యొడ్డున 1959లో కొందరు జాలరి వినోదులు కూడి, ట్రౌట్ అను చన్నీటి చేప నివసించు సెలయేళ్లను కాపాడుటకు ఒక సంఘమును స్థాపించిరి. ఆ సంఘమువారు బడులలో గాజుతొట్లు ఉంచి, పిల్లలచేత చేపగ్రుడ్లను పొదిగించి, పిల్లచేపలను ఏటిలో విడిపించుచుందురు. చేపను పెంచిన పిల్లవాడు ఏటిని మురికి చేయనీయడని వారి నమ్మకము.

మన చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతములలో ట్రౌటు బ్రతుకదు. దానికి ఏడాది పొడవున చల్లగా పారు నీరు కావలెను. ఇచటి వాగులు వానకాలమున పారి వేసవిలో ఎండును. కాని పిల్లలకు ప్రకృతిని నేర్పుటకు ఇచట మర్రి యున్నది. హైదరాబాదులోని ప్రకృతి ప్రేమికులు కొందరు 'చేవెళ్ల మర్రులను కాపాడుడు' అను నినాదముతో పనికి పూనుకొనిరి. వారు చేసిన పనులలో ముఖ్యమైనది చెట్లను లెక్కించుట. సెలవు దినములలో దారి వెంట నడచి, ఒక్కొక్క చెట్టునకు సంఖ్య నిచ్చి, అది యున్న చోటును గుర్తించి పట్టిక వ్రాసిరి. చూడవచ్చిన కుటుంబములను, విద్యార్థులను చెట్లకడకు తోడ్కొనిపోయి వాని విశేషములు తెలిపిరి. పట్టిక లేనిచో ఇవి 'దారిప్రక్క చెట్లు' మాత్రమే. పట్టిక తయారైన పిదప ఏ చెట్టు ఎచట నున్నది, ఏది పోవుచున్నది అని నిలదీసి అడుగుట సాధ్యమైనది.

కాయలోపలి పూలు

మర్రికి శాస్త్రీయ నామము ఫైకస్ బెంగాలెన్సిస్. మేడి, రావి, జువ్వి దీని దాయాదులు. మనము మర్రిపండు అనునది నిజమునకు ఒక పండు కాదు. అది వందల కొలది చిన్న పూలను లోపల దాచుకొనిన ఒక సంచి. పొద్దుతిరుగుడు పూవు పళ్లెమును అంచులు పైకి మడిచి మూతికట్టినట్లు ఊహించుకొన్నచో దీని నిర్మాణము బోధపడును. పూలన్నియు లోపలివైపే యుండును. సంచికి కొనయందు ఒక సన్నని రంధ్రము గలదు. ఆ రంధ్రమును పొలుసులు దట్టముగ మూసియుండును. తేనెటీగ గాని సీతాకోకచిలుక గాని అందు చొరజాలదు.

చొరగలిగినది ఒక్కటే. అది యూప్రిస్టినా మేసోనీ అను కందిరీగ జాతి పురుగు. ఇది ఇంచుమించు ఆవగింజ యంత యుండును. పుప్పొడితో వచ్చిన ఆడపురుగు ఆ ఇరుకు ద్వారమున దూరునపుడు దాని రెక్కలు ఊడిపోవును. లోపల అది కొన్ని పూల యందు గ్రుడ్లు పెట్టును. ఆ పనిలోనే తాను తెచ్చిన పుప్పొడిని కీలాగ్రములకు అంటించి, అచటనే మరణించును. గ్రుడ్లు పడిన పూవులలో పురుగులు పెరుగును. తక్కిన పూవులు విత్తనములగును. చెట్టు తన పూలలో కొన్నిటిని పురుగునకు ఆహారముగ నిచ్చి, తక్కినవానికి ఫలదీకరణము సంపాదించుకొనుచున్నదన్న మాట.

కొన్ని వారములకు మగపురుగులు ముందుగా బయల్పడును. వానికి రెక్కలుండవు. అవి ఆడపురుగులతో కలిసి, కాయగోడకు సొరంగము త్రవ్వి చనిపోవును. సరిగ్గా ఆ వేళకే కాయలోని మగపూలు పక్వమగును. ఆడపురుగులు వాని పుప్పొడిని గ్రహించి, సొరంగము గుండ బయటికి ఎగిరిపోవును. ఆ పిదప కాయ ఎఱ్ఱబడి మెత్తబడును. అప్పుడు పచ్చపావురములు, కోకిలలు, గోరింకలు, కంసాలిపిట్టలు పగటివేళ, గబ్బిలములు రాత్రివేళ విందునకు వచ్చును. పక్షుల రెట్టలో పడిన విత్తు గోడబీటలోనో తాటిమట్ట సందుననో మొలకెత్తును. దేవాలయపు గోపురముల మీద మర్రిమొక్కలు కనబడుటకు కారణమిదియే.

ఒక చెట్టు చాలదు

బయటికి వచ్చిన ఆడపురుగు ఆయువు ఒకటి రెండు రోజులు మాత్రమే. ఆ స్వల్పకాలములో అది మరియొక లేతకాయను వెదకుకొనవలెను. సాధారణముగ ఒకే చెట్టుమీది కాయలన్నియు ఇంచుమించు ఒక్కసారే పక్వమగును గనుక, పుట్టిన చెట్టుపై దానికి లేతకాయలు దొరకవు. వేరొక చెట్టున దొరకవలెను. అందుచేత మర్రులన్నియు ఒకే ఋతువున కాయక, ఒక్కొక్కటి ఒక్కొక్క మారు కాయుచుండును. దారిన పోవువారు ఒక చెట్టును పండ్లతోను, దాని ప్రక్కచెట్టును వట్టి ఆకులతోను చూచుట ఇందువలననే.

ఇట్లు వంతులు నడువవలెనన్న చెట్ల సంఖ్య చాలినంత యుండవలెను. సంఖ్య తగ్గినకొలది, ఏ చెట్టునను లేతకాయ లేని రోజులు వచ్చు అవకాశము హెచ్చును. అట్టి రోజులు వరుసగా కొన్ని వచ్చినచో ఆ ప్రాంతమున పురుగు నశించును. ఆఫ్రికాలోని ఒక జాతి అత్తిచెట్ల కాపు వివరములను తీసికొని శాస్త్రజ్ఞులు వేసిన గణన యొకటి 1990లో వెలువడినది. పురుగుల సంతతి కొన్ని ఏండ్లపాటు తెగక నిలుచుటకు నూటికి దగ్గరి సంఖ్యలో చెట్లు అవసరమని అందు తేలినది. ఆ సంఖ్య మర్రికి యథాతథముగ వర్తింపకపోవచ్చును. గాలివాటున ఈ పురుగులు అనేక కిలోమీటర్లు పోగలవు గనుక, పొలములలోని మర్రులు కూడ లెక్కకు వచ్చును. కాని సూత్రము మాత్రము ఒకటే: మర్రి ఒంటరిగా బ్రతుకు చెట్టు కాదు. చేవెళ్ల దారిలోని తొమ్మిది వందల చెట్లను విడివిడి చెట్లుగా గాక ఒక కూటమిగా చూడవలెను. ఒక చెట్టు పోయిన నష్టము కంటికి కనబడదు. పోవుచుండగా పోవుచుండగా ఒకనాడు కూటమియే తెగిపోవును.

పక్షులకును ఇదే లాభము. అడవిలోను పొలములోను తక్కిన పండ్లు దొరకని కాలమున ఏదో యొక మర్రి పండియుండును. అందుచేతనే జీవశాస్త్రజ్ఞులు మర్రి జాతిని కమానునకు నడిమిరాయి వంటిదందురు. ఆ రాయి తీసినచో తక్కినవి జారును.

నీడ, చల్లదనము

నీడ యన్నది ఎండను అడ్డుకొనుట మాత్రమే కాదు. ఆకుల రంధ్రముల నుండి నీరు ఆవిరియై పోవుచుండును. దీనిని బాష్పోత్సేకమందురు. ఒక గ్రాము నీరు ఆవిరియగుటకు సుమారు 580 కెలోరీల ఉష్ణము కావలెను. ఆ ఉష్ణమును ఆకులు పరిసరముల నుండి గ్రహించును. కొత్తకుండలోని నీరు చల్లబడుటయు, మర్రిక్రింద గాలి చల్లబడుటయు ఒకే సూత్రము ననుసరించినవి. వేసవిలో ఈ దారిన పండ్లు, కూరగాయలు అమ్ముకొనువారు మర్రిక్రిందనే కూర్చుండుటకు కారణము వెదకనక్కరలేదు.

ఊడల బలము

మర్రి కొమ్మల నుండి దిగు వేళ్లను ఊడలందుము. ఊడ నేలను తాకి, లోనికి దిగి, క్రమముగ లావెక్కి స్తంభమగును. దీనివలన కొమ్మలు ఎంత దూరమైనను సాగగలవు. కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను అయిదెకరములకు పైగా విస్తరించినది. కలకత్తా చేరువ హౌరా ఉద్యానములోని మహావృక్షమునకు బూజు తెగులు సోకగా 1925లో మూలకాండమునే తొలగించిరి. ఊడల ఆధారముతో ఆ చెట్టు నేటికిని పెరుగుచున్నది.

అంతటి బలము గల చెట్టునకును హద్దులున్నవి. మహబూబునగరపు పిల్లలమర్రికి చెదలు పట్టి 2017 డిసెంబరులో పెద్దకొమ్మ విరిగిపడినది. 2018లో అటవీశాఖవారు సెలైన్ సీసాల ద్వారా చెదలమందును చుక్కచుక్కగా ఎక్కించి, కొమ్మలకు ఆధారములు కట్టి దానిని నిలిపిరి. దారిప్రక్క మర్రులకు మరియొక బాధ గలదు. బాట మీదికి దిగు ఊడలను వాహనముల కొరకు నరికివేయుదురు. అందువలన వాని కొమ్మలు సాగినను వానికి స్తంభములు ఏర్పడవు. మొదలు చుట్టును తారు, సిమెంటు పరచినచో వేళ్లకు గాలి, నీరు అందవు. చెట్టును నరకకున్నను ఈ విధముగ చంపవచ్చును.

పెకలించి నాటుట

దారి విస్తరణ కోరువారి వాదమును తేలికగా త్రోసివేయ వీలులేదు. ఆ దారి ఇరుకైనది, రాకపోకలు విపరీతమైనవి. 2025 నవంబరు 3న చేవెళ్ల మండలము మీర్జాగూడ కడ కంకరలారీ బస్సును ఢీకొనగా సుమారు ఇరువదిమంది మరణించిరి. మనుష్యుల ప్రాణమా, చెట్ల ప్రాణమా అని అడుగుట సులభము. కాని దారి ఏ వంకన పోవలెను, పాతబాటను ఒకవైపునకు ఉంచి క్రొత్తబాటను చెట్లకు ఆవల వేయవచ్చునా అను ప్రశ్నలు ఇంజనీర్లు తీర్పదగినవి. విషయము చెన్నైలోని జాతీయ హరిత న్యాయాధికరణపు దక్షిణ పీఠము ముందునకు పోయినది. తుదకు 2025లో అత్యధిక భాగము చెట్లను ఉన్నచోటనే యుంచి, తప్పనిసరియైనవానిని పెకలించి వేరుచోట నాటునట్లు సమాధానము కుదిరినది. చెట్టు చెట్టునకు సంఖ్య వేసిన పట్టిక లేకున్నచో ఇట్టి వివరమైన ఒప్పందము ఊహింపను గూడ వీలుగాదు.

పెకలించి నాటుట మర్రి విషయమున సాధ్యమే. పెద్దకొమ్మను నాటినను వేరు తొడుగు స్వభావము దానికి గలదు. ముందుగా కొమ్మలను తగ్గింతురు. ఆకులు ఎక్కువగా నున్నచో పోవు నీటిని, తెగిన వేళ్లు సమకూర్పలేవు. మొదలు చుట్టును గోతి త్రవ్వి, మట్టిగడ్డతోపాటు వేళ్లను గోనెతో చుట్టి, క్రేనుతో ఎత్తి, సిద్ధపరచిన గోతిలో దింపుదురు. తెగిన చోట్ల బూజుపట్టకుండ మందు పూయుదురు. చిగురు వేసినంత మాత్రమున చెట్టు బ్రతికినదని తలచరాదు. కాండములో నిలువయున్న ఆహారముతో చిగురు వచ్చి, వేరు పట్టనందున తరువాత వాడిపోవు చెట్లు కలవు. రెండు మూడు వేసవులు నీరుపోసి కాచినపుడే నిశ్చయముగ చెప్పవచ్చును. బ్రతికినను వెనుకటి నీడ, వెనుకటి కాపు వచ్చుటకు చాల ఏండ్లు పట్టును.

విద్యార్థులు చేయదగిన పని

ఇకమీదటి పని న్యాయస్థానమున గాక చెట్ల మొదట జరుగవలసియున్నది. దీనికి చేవెళ్ల, మొయినాబాదు బడుల పిల్లలకన్న తగినవారు లేరు. 2001 నుండి దేశమున జాతీయ హరిత దళము పేర బడులలో పర్యావరణ సంఘములు ఏర్పడియున్నవి. ఒక్కొక్క బడి తన ఊరి ముంగిట నున్న పది చెట్లను స్వీకరింపవచ్చును. కావలసిన పరికరములు ఒక కొలత టేపు, ఒక నోటుపుస్తకము.

నెలకొకసారి ప్రతి చెట్టునకు నాలుగు విషయములు వ్రాయవలెను. కాయలు లేవా, లేతవా, పండినవా? ఏ పక్షులు వచ్చినవి? క్రొత్త ఊడలు దిగినవా, నరకబడినవా? మొదలు చుట్టు మట్టి యున్నదా, సిమెంటు పడినదా? ఏడాదికొకసారి నేలనుండి 137 సెంటీమీటర్ల ఎత్తున కాండపు చుట్టుకొలత తీయవలెను. అనేక కాండములు కలిసిన చెట్టునకు ఏ చోట కొలిచితిమో రంగుతో గుర్తు పెట్టవలెను. పండిన కాయను చీల్చి భూతద్దముతో చూచినచో సొరంగము, చనిపోయిన మగపురుగులు కనబడును. పాఠ్యపుస్తకమున పరస్పరోపకారము అను మాటకు ఇంతకన్న మంచి ఉదాహరణము దొరకదు.

రెండు మూడేండ్లు ఇట్లు వ్రాసినచో ఆ దారి మర్రులు ఏ నెలలో ఎన్ని కాయుచున్నవో, కాపులేని ఖాళీలు ఉన్నవో లేవో తెలియును. వేరుచోట నాటిన చెట్లలో ఎన్ని నిజముగ వేరుకొన్నవో గూడ తెలియును. రేపు మరియొక ఊరిలో మరియొక దారి వెడల్పు కావలసినపుడు ఇంజనీర్లకును, న్యాయమూర్తులకును ఆ పుస్తకములు ఉపకరించును. చెట్టు మీది అభిమానము గొప్పదే కాని, అది అంకెలుగా మారినపుడే ఇతరులకు వినబడును.