బస్సు తప్పిన బొమ్మలు

పొల్లాచ్చి నుంచి పళనికి పోయే రోడ్డు ఉడుమలైపేట మీదుగానే వెళ్తుంది. 1920లో జి.డి. నాయుడు తన మొదటి బస్సును నడిపిన దారి ఇదే. ఒక్కటే బండి, డ్రైవరూ ఆయనే. ఆ ఒక్క బండే తర్వాత యూఎమ్మెస్ అనే పెద్ద బస్సుల సంస్థ అయింది. 1893లో కోయంబత్తూరు పక్కన కలంగల్‌లో తెలుగింట పుట్టిన ఆయన చెయ్యిపెట్టని పని లేదు: కరెంటు మోటారు, గడ్డం గీసుకునే రేజరు, ఓట్లు నమోదు చేసే యంత్రం. సినిమా కెమెరాకు దూరం సరిచేసే సాధనం కూడా ఆయన చేసినవాటిలో ఉంది. 1936లో లండన్‌లో ఐదో జార్జి రాజు అంత్యక్రియల్ని స్వయంగా ఫిల్ము మీదికి ఎక్కించాడు.

బస్సులు నడిపేవాళ్ళకు బాగా తెలిసిన సంగతి ఒకటుంది. వేళయితే బండి కదలాలి. ఎక్కాల్సినవాడు ఇంకా వీధి మలుపులో పరుగెత్తుతున్నా సరే, కదలాలి. మా అక్క కొడుకు గదిలో కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు నాకు గుర్తొచ్చింది ఈ మాటే.

వాడు ఉడుమలైపేట పిల్లాడు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఆటలో ఇంగ్లీషు. విజయనగరం, మధుర నాయకుల కాలం నుంచి ఈ సీమలో ఉండిపోయిన తెలుగు కుటుంబాల్లో చాలామందిలాగే తెలుగు మాట్లాడతాడు, చదవలేడు. కార్ల పందెం ఆట ఆడుతూ దాన్ని రికార్డు చేస్తాడు.

"మామా, ఆడేటప్పుడు బాగానే ఉండాది. రికార్డు సూస్తే కుంటతాది" అన్నాడు.

చూశాను. నిజమే. కారు మలుపు తిరిగేటప్పుడు బొమ్మ ఒక్క క్షణం బిగుసుకుపోయి, ఆ వెంటనే ముందుకు దూకుతోంది. ఆటలో మాత్రం మూలన, సెకనుకు ఎన్ని బొమ్మలో చెప్పే ఎఫ్‌పీఎస్ అంకె 100కి తగ్గడం లేదు. మరి ఆ బొమ్మలన్నీ ఎక్కడికి పోయినట్టు?

లెక్క నుంచి మొదలుపెడదాం. వాడి తెర మీద అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలున్నాయి. మొత్తం 20,73,600. ఒక్కో చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలిపి 3 బైట్లు. అంటే ఒక్క బొమ్మకు 62 లక్షల బైట్లు. సెకనుకు 60 బొమ్మలంటే దాదాపు 373 మెగాబైట్లు. ఉన్నదున్నట్టు దాచుకుంటే గంట ఆటకు 1,300 గిగాబైట్లు దాటిపోతుంది. తిరిగే పళ్ళెం ఉన్న మామూలు హార్డ్‌డిస్క్ సెకనుకు నూటయాభై మెగాబైట్లు రాయగలిగితే గొప్ప. సగానికి పైగా బొమ్మలు అక్కడే ఆగిపోతాయి.

ఇది ఊహ కాదు. 1999లో వచ్చిన ఫ్రాప్స్ అనే ప్రోగ్రామ్‌తో ఆట రికార్డు చేసినవాళ్ళు దాన్ని అనుభవించారు. అది బొమ్మల్ని పైపైన మాత్రమే కుదించి డిస్కులోకి పారబోసేది. ఫైళ్ళు గుట్టలుగా పెరిగేవి, డిస్కు చేతులెత్తేసేది, ఆట కూడా దానితోపాటే నత్తనడక నడిచేది. ప్రాసెసర్‌కు గట్టిగా కుదించే తీరిక లేదు, కుదించకపోతే రాయడానికి చోటు లేదు. ఆ ఇరుకు నుంచి బయటపడిన కథే నేటి రికార్డింగ్ కథ. ఆ కథలో నాకు ఎంతో ఇష్టమైన భాగం 1972లో, ఇలాంటి ఆటలూ ఈ కంప్యూటర్లూ లేనప్పుడు మొదలవుతుంది.

బెంగళూరులో పుట్టి అమెరికాలో కాన్సస్ స్టేట్ యూనివర్సిటీలో పాఠాలు చెబుతున్న నాసిర్ అహ్మద్‌కు ఒక ఆలోచన వచ్చింది. బొమ్మలోని వెలుగునీడల్ని కొసైన్ అలలుగా విడదీస్తే చాలా కొద్ది అంకెలతో చెప్పవచ్చని. దానిమీద పనిచెయ్యడానికి అక్కడి నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ను డబ్బడిగాడు. ఇవ్వలేదు. ఆలోచన మరీ తేలిగ్గా ఉందని పరిశీలకుల్లో ఒకరు అన్నారట. ఆయన వదల్లేదు. తన విద్యార్థి టి. నటరాజన్‌తో, టెక్సస్ యూనివర్సిటీ ఆర్లింగ్టన్ శాఖలో ఉన్న మిత్రుడు కె.ఆర్. రావుతో కలిసి పని పూర్తిచేశాడు. 1974 జనవరిలో ఐఇఇఇ పత్రికలో ముగ్గురి పేర్లతో చిన్న వ్యాసం వచ్చింది. కొద్ది పేజీలే. అదే నెలలో ఇక్కడ జి.డి. నాయుడు కన్నుమూశాడు.

కె.ఆర్. రావు అంటే కామిశెట్టి రామమోహన రావు. మద్రాసులో గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో చదివి అమెరికా వెళ్ళి, 1966 నుంచి ఆర్లింగ్టన్‌లో దశాబ్దాల పాటు బోధించారు. 1990లో ఆ పద్ధతి మీదే పి. యిప్‌తో కలిసి పుస్తకం రాశారు. 2021 జనవరిలో పోయారు. మీ ఫోనులో ఉన్న ప్రతి జేపెగ్ ఫొటో ఆ కొద్ది పేజీలకు రుణపడి ఉంది. ఈ పేరు మన పిల్లలకు తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఆ పద్ధతి ఏం చేస్తుందో మా వాడికి ముగ్గుతో చెప్పాను. 8 వరుసలు, వరుసకు 8 చుక్కలు పెట్టాననుకో. బొమ్మను అలాంటి చిన్న గడులుగా కోస్తారు. గడిలో 64 చుక్కలు, 64 వెలుగులు. ఇప్పుడు మన దగ్గర ముందే గీసి పెట్టుకున్న 64 ముగ్గులున్నాయి. మొదటిది అంతా ఒకే రంగు. రెండోది ఒక పక్క వెలుగు, ఇంకో పక్క నీడ. అలా సన్నబడుతూ పోయి, చివరిది చుక్క చుక్కకూ నలుపుతెలుపులు మారే గళ్ళబట్ట. ఏ గడినైనా ఈ ముగ్గుల్ని తలా కాస్త కలిపి తయారుచెయ్యొచ్చు. ఏ ముగ్గు ఎంత కలపాలో చెప్పే 64 అంకెలు చాలు.

"64కి 64 అయితే లాభమేమి?" అన్నాడు వాడు. సరైన ప్రశ్న.

లాభం ఎక్కడంటే, ఆకాశం ఉన్న గడిలో మొదటి ముగ్గు తప్ప మిగతావి దాదాపు సున్నాలు. గోడైనా, రోడ్డైనా అంతే. నిజ ప్రపంచపు బొమ్మల్లో పక్కపక్క చుక్కలు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి కాబట్టి బరువంతా మొదటి నాలుగైదు ముగ్గుల్లోనే పడుతుంది. సన్న ముగ్గుల్లో మిగిలింది మన కన్ను పట్టుకోలేదు. దాన్ని తీసి పారేస్తారు. అలలుగా విడదీయడం ఫూరియే కాలం నుంచీ ఉన్నదే. అయితే ఫూరియే పద్ధతి గడి కుడి అంచును ఎడమ అంచుకు అతికించినట్టు లెక్కవేస్తుంది, అతుకు దగ్గర లేని గీత పుడుతుంది. కొసైన్ గడిని అద్దంలో చూపినట్టు మడిచి లెక్కవేస్తుంది. అతుకు కనపడదు. ఎంత చక్కని ఉపాయం!

1988లో వీడియో ఫోన్ల కోసం వచ్చిన హెచ్.261, 1992 నాటి జేపెగ్, ఆ తర్వాత ఎంపెగ్, 2003లో వచ్చిన హెచ్.264, ఈ కుదింపు పద్ధతులన్నింటి గుండెలోనూ ఇదే ఉంది. హెచ్.264లో పూర్ణాంకాలతో తేలిగ్గా లెక్కకట్టే రూపం తీసుకుంది.

కదిలే బొమ్మకు ఇంకో సంగతి తోడవుతుంది. దాన్ని చూడాలంటే ఉడుమలైపేట రోడ్డు పక్కన నిలబడితే చాలు. పాలక్కాడు కనుమ గుండా దూసుకొచ్చే గాలికి ఊరి చుట్టూ గాలిమరలు తిరుగుతూ ఉంటాయి. వెనక కొండలు కదలవు, కంబం కదలదు, తిరిగేవి రెక్కలే. దాన్ని వీడియో తీస్తే ప్రతి ఫ్రేమ్‌లోనూ కొండను మళ్ళీ రాయడం ఎందుకు? "కొండ కిందటి బొమ్మలో ఉన్నట్టే" అని ఒక్కమాట రాసి, రెక్కలు మాత్రం ఎటు జరిగాయో చెబితే సరిపోతుంది. ఎటు జరిగిందో వెతకడమే అసలు కష్టం. ప్రతి గడికీ కిందటి బొమ్మలో చుట్టుపక్కలంతా గాలించాలి. కారు పందెంలోనైతే తెర మొత్తం కదులుతుంది. రోడ్డు, చెట్లు, వాన, అన్నీ రెక్కలే. ఆట వేగంగా సాగే చోటే రికార్డు ఎక్కువగా కుంటడానికి ఒక కారణం ఇది. ఇంత వెతుకులాటను ప్రాసెసర్ మీదే వేస్తే, ఆటకు అక్కరైన ప్రాసెసర్ దీనికి ఖర్చయిపోతుంది.

ఆ బరువు దించింది 2011లో ఇంటెల్, క్విక్‌సింక్‌తో. చిప్పులో ఒక మూల కుదింపు పనికే ప్రత్యేకంగా కేటాయించింది. 2012లో ఎన్‌విడియా తన గ్రాఫిక్స్ కార్డులో ఎన్‌వెంక్ పెట్టింది. ఆట గీసే భాగం వేరు, కుదించే భాగం వేరు. అదే ఏడాది ఓబీఎస్ అనే ఉచిత రికార్డింగ్ ప్రోగ్రామ్ కూడా పుట్టింది. ఎన్‌వెంక్, ఓబీఎస్ కలిశాక 373 మెగాబైట్ల ప్రవాహం సెకనుకు రెండున్నర మెగాబైట్లకు ఒదిగింది. గంటకు 9 గిగాబైట్లు.

మరి ఇన్ని ఉండగా మావాడి బొమ్మలు ఎందుకు బస్సు తప్పుతున్నాయి? వాడి ఓబీఎస్‌లో ఎన్‌వెంక్ ఎంచుకునే ఉన్నాడు. ఇంకా చిన్న సైజు పెట్టనా, నాణ్యత తగ్గించనా అని అడిగాడు. ఆగమన్నాను. ఏ చెయ్యి ఆలస్యం చేస్తోందో తెలియకుండా ఏ మీట తిప్పినా లాభం లేదు. ఓబీఎస్‌లో స్టాట్స్ అనే చిన్న కిటికీ ఉంటుంది. ఎన్‌కోడింగ్ ల్యాగ్ వల్ల పోయినవి ఎన్ని, రెండరింగ్ ల్యాగ్ వల్ల పోయినవి ఎన్ని అని విడివిడిగా చెబుతుంది. మొదటిది పెరిగితే కుదించే చెయ్యి అలసిందని. రెండోది పెరిగితే కుదించేదాని దాకా బొమ్మే రాలేదని.

మావాడికి మొదటిది సున్నా. రెండోది కళ్ళముందే పెరుగుతోంది.

కారణం ఆటే. వాడి మానిటర్ 144 హెర్ట్జ్‌ది. ఆటకు ఎక్కడా పగ్గం వెయ్యలేదు. గ్రాఫిక్స్ కార్డు 99 శాతం దానికే ఊడిగం చేస్తోంది. ఓబీఎస్ కూడా తన బొమ్మను కూర్చుకోవడానికి అదే కార్డును కొద్దిగా అడుగుతుంది. ఆ కొద్దీ దొరకలేదు. 16.67 మిల్లీసెకన్లకోసారి బస్సు కదిలిపోతుంది, కొత్త బొమ్మ రాకపోతే పాత బొమ్మే మళ్ళీ ఎక్కుతుంది. అదే మనకు కనపడిన బిగింపు. ఆట తీసే 100 బొమ్మలు తెర మీద నిజంగానే ఉన్నాయి, బస్టాండు దాకా రాలేదంతే.

ఆటను 60కి కట్టేశాం. 144కే ఆడాలని పట్టుపడితే ఇంకో చిక్కుంది: 60 బొమ్మల రికార్డులోకి ఒకసారి రెండు దాటి, ఒకసారి మూడు దాటి ఎక్కాలి, ఏదీ పోకపోయినా నడక ఎగుడుదిగుడుగా ఉంటుంది. 120 అయితే సరిగ్గా రెండుకొకటి. ఓబీఎస్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరవమన్నాను, అప్పుడు విండోస్ కార్డు దగ్గర దానికి ముందు వరుస ఇస్తుంది. రెండరింగ్ ల్యాగ్ అంకె పెరగడం ఆగింది.

ఇరవై నిమిషాల తర్వాత మళ్ళీ మొదలైంది. ఈసారి ఆట కూడా కుంటింది. పెట్టె మీద చెయ్యి పెడితే కాలుతోంది. పక్కమూత తీశాం. వాళ్ళింటి వెనకే నూలుమిల్లు. ఫ్యాను వెనక చిప్పు చల్లబరిచే రేకుల మధ్య పత్తి నూగు దుప్పటిలా పట్టింది. వేడెక్కితే చిప్పు తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. పాత పెయింటు బ్రష్షుతో వాడే మెల్లగా దులిపాడు.

చివరిగా ఒకటి మార్పించాను. ఫైలును ఎంపీ4గా కాక ఎంకేవీగా దాచమన్నాను. మామూలు ఎంపీ4లో ఏ బొమ్మ ఎక్కడుందో చెప్పే పట్టిక రికార్డింగ్ ఆపినప్పుడు రాస్తారు, మధ్యలో ఆగితే ఫైలంతా వృథా. సాయంత్రం గాలి లేచింది, వాడు మళ్ళీ ఆటకు కూర్చున్నాడు. 31వ నిమిషంలో కరెంటు పోయింది. గంట తర్వాత వచ్చాక ఫైలు తెరిచాడు. 31 నిమిషాలూ ఉన్నాయి. మలుపు దగ్గర కారు ఆగకుండా తిరిగింది.