సీటంటే రెక్సిన్ ఒక్కటే కాదు

పెట్రోలుతో నడిచిన తొలి మోటారు సైకిల్‌కి తొలి ప్రయాణంలోనే సీటు అంటుకుంది. జర్మనీలోని కాన్‌స్టాట్‌లో గాట్లీబ్ డైమ్లర్, విల్హెల్మ్ మేబాక్ కలిసి 1885లో చేసిన బండి అది. చెక్క చట్రం, ఇనప పట్టా బిగించిన చెక్క చక్రాలు, ఒరిగిపోకుండా అటొకటి ఇటొకటి బుల్లి చక్రాలు. 264 సీసీ ఇంజనుకి ఉన్న సత్తువ అర హార్స్‌పవర్. సిలిండర్లో ఇంధనాన్ని వెలిగించడానికి స్పార్క్ ప్లగ్గు బదులు ఎర్రగా కాలిన గొట్టం వాడారు. ఆ గొట్టం సరిగ్గా సీటు కింద ఉంది. నవంబరులో డైమ్లర్ కొడుకు దాని మీదెక్కి బయల్దేరితే దారిలో తోలు సీటు మంటలందుకుంది.

ఇంజను గురించి అంత ఆలోచించిన ఇద్దరూ మనిషి కూర్చునే చోటు గురించి ఆఖర్న ఆలోచించారన్నమాట. ఆ అలవాటు మనకీ పోలేదు. షోరూములో మైలేజీ అడుగుతాం, ఈఎంఐ అడుగుతాం. సీటు లోపల ఏముందని అడిగేవాళ్లు అరుదు. కొన్నేళ్లకి అది చిరిగాక కుషన్ వర్క్స్ షాపుకి వెళ్లి అడిగేదీ ఒక్కటే: "భాయ్, కొత్త రెక్సిన్ వెయ్యడానికి ఎంత?" సీటు పుట్టుపూర్వోత్తరాలు తెలిసినవాడు ఆ ప్రశ్నతో మొదలుపెట్టడు.

మొదటి తరం బైకులు సీటుని సైకిల్ దగ్గర అరువు తెచ్చుకున్నాయి. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో గుర్రాల తోలు సరంజామా చేసే జాన్ బౌల్ట్‌బీ బ్రూక్స్ 1882లో తోలు సీటుకి పేటెంటు తీసుకున్నాడు. తన గుర్రం చనిపోతే సైకిల్ ఎక్కాల్సి వచ్చిందనీ, ఆ సీటు పెట్టే బాధ తాళలేక ఈ పనికి పూనుకున్నాడనీ ఆ కంపెనీ చెప్పుకునే కథ. కిటుకు సులువే. దళసరి తోలుని ముందొక ఇనప ముక్కుకీ, వెనక ఒక ఇనప వంపుకీ బిగలాగి కట్టారు. కింద ఖాళీ. కూర్చున్నవాడి బరువుకి తోలు వంగి, వాడకం మీద అతని ఒంటి ఆకారం పట్టుకుంటుంది. ఏళ్ల తర్వాత సాగి జారితే ముక్కు దగ్గరున్న నట్టు కొంచెం తిప్పితే మళ్లీ బిగుస్తుంది. సీటు రిపేరంటే ఆ రోజుల్లో చాలావరకు అంతే.

బైకు బరువుకీ వేగానికీ తోలు ఒక్కటీ చాలలేదు. అప్పట్లో వెనక చక్రాన్ని నేరుగా చట్రానికే బిగించేవారు. గోతిలో తగిలిన ప్రతి దెబ్బా వెన్నుకి చేరేది. అందుకని తోలు కింద చుట్టల స్ప్రింగులు వచ్చాయి. 1912లో హార్లీ డేవిడ్సన్ ఇంకో అడుగు వేసి, సీటుని మోసే గొట్టం లోపలే స్ప్రింగు అమర్చింది. ఆ కంపెనీ పెద్ద బైకులకి వెనక షాక్ అబ్సార్బర్లు 1958లో గానీ రాలేదు. అప్పటిదాకా వాటికి వెనక సస్పెన్షన్ ఏదంటే సీటే. పైకీ కిందికీ ఊగే ఆ సీటు ఒక్కడికే సరిపోతుంది. రెండో మనిషికి మడ్‌గార్డు మీద విడిగా ఇంకో దిండు పెట్టాల్సిందే. మన రోడ్ల మీద పాత బుల్లెట్లు చూసినవాళ్లకి ఈ రెండు సీట్ల వరస గుర్తుండే ఉంటుంది.

సీటుని ఈ చాకిరీ నుంచి తప్పించింది వెనక చక్రం. దాన్ని ఊగే చేతికి (స్వింగ్ ఆర్మ్) బిగించి, మధ్యలో షాక్ అబ్సార్బర్ పెడితే దెబ్బ సీటు దాకా రాకుండా అక్కడే చాలావరకు ఆగుతుంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ 1949లో బుల్లెట్‌ని ఇలాగే తెచ్చింది. 1950లో బెల్ఫాస్ట్‌కి చెందిన మెకాండ్లెస్ సోదరుల చట్రంతో నార్టన్ రేసు బైకు వచ్చినప్పుడు, దాన్ని నడిపిన హెరాల్డ్ డేనియల్ ఈకల పరుపు మీద ఉన్నట్టుందన్నాడట. ఆ చట్రానికి అదే పేరు స్థిరపడిపోయింది. అలా స్ప్రింగుల పని చక్రం దగ్గరికి వెళ్లిపోయాక సీటు కదలకుండా ఉంటే చాలు. ఇద్దరూ కూర్చునేలా పొడుగ్గా చేసుకోవచ్చు. 1950ల మధ్యలో మద్రాసులో బుల్లెట్ల తయారీ మొదలయ్యే నాటికి ప్రపంచమంతటా సీటు ఇటువైపే మళ్లింది: కింద రేకు, నడుమ మెత్తటి పదార్థం, పైన తొడుగు. ఈ మూడు పొరల సీటు మీదే ఇవాళ్టికీ కూర్చుంటున్నాం. రేకు స్థానంలో చాలా బైకులకి ప్లాస్టిక్ అచ్చు వచ్చింది, అంతే.

నడుమ పొర సంగతి కొంచెం తీరిగ్గా చెప్పుకోవాలి. మొదట గుర్రపు వెంట్రుకలు, పీచు కూరేవారు. 1929లో డన్‌లప్ కంపెనీ రబ్బరు పాలని నురగొచ్చేలా చిలికి, ఆ నురగని అలాగే గట్టిపరిచి రబ్బరు స్పాంజి చేసింది. ఖరీదు ఎక్కువ, బరువూ ఎక్కువే. 1937లో జర్మనీలోని లెవర్‌కుసెన్‌లో ఒట్టో బేయర్ బృందం పాలీయురెథేన్ కనిపెట్టింది. మొదట్లో దాన్ని ఎవరూ నురగగా ఊహించలేదు. బుడగలు పడ్డ నమూనా చూసి, నకిలీ స్విస్ జున్ను చెయ్యడానికి తప్ప పనికిరాదని కంపెనీలోనే ఎవరో వెక్కిరించారని చెబుతారు. ఆ బుడగలే దాన్ని బతికించాయి. ఐసోసయనేట్ అనే రసాయనానికి నీళ్లు తగిలితే కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. పాలియాల్ అనే ఇంకో ద్రవంతో కలిసి అది చిక్కబడుతున్న సమయంలోనే ఈ వాయువు బయటికి తన్నుకొస్తుంది. రాత్రి ఇడ్లీ పిండిని పొంగించేదీ ఇదే వాయువు. తేడా ఏమిటంటే ఇక్కడ పొంగు నిమిషాల్లో వచ్చి, ఆ పొంగు మీదే గట్టిపడిపోతుంది. 1950ల నుంచి ఈ స్పాంజి పరుపుల్లోకీ కార్లలోకీ బైకుల్లోకీ పాకింది. ఫ్యాక్టరీలో ద్రవాన్ని సీటు ఆకారంలో ఉన్న అచ్చులో పోస్తారు. ముక్కలు కోసి అతికించే పని లేదు.

స్పాంజిలో రెండు గుణాలని జనం ఒకటే అనుకుంటారు. ఒకటి గట్టిదనం, రెండోది సాంద్రత. బొటనవేలితో నొక్కితే తెలిసేది మొదటిదే. కాలానికి నిలిచేది మాత్రం రెండోది. బైకు సీటు అచ్చు స్పాంజి ఘనపు మీటరుకి 50 కిలోలు, అంతకు పైన తూగుతుంది. చవక పరుపుల స్పాంజి 20 కిలోల దగ్గరే ఆగుతుంది. కొత్తలో రెండూ వేలికి ఒకేలా తగలొచ్చు. కొన్ని నెలల్లో చవకది అణిగిపోయి మళ్లీ లేవదు. పిరుదుల కింద రెండు ఎముకలుంటాయి, కూర్చున్నప్పుడు మన బరువులో ఎక్కువ భాగం వాటి మీదే. అణిగిన స్పాంజి మీద ఆ ఎముకలు నేరుగా అడుగు ప్లాస్టిక్‌ని తాకుతాయి. దూరప్రయాణంలో మొదటి గంట హాయిగా ఉండి రెండో గంటకి నరకం చూపించే సీట్ల రహస్యం ఇదే.

మెత్తదనం ఎక్కువైతే సుఖం ఎక్కువ అనుకోవడమూ పొరపాటే. ఇంజను నిమిషానికి 4500 చుట్లు తిరుగుతుంటే సెకనుకి 75 సార్లు వణుకుతుంది. ఆ సన్నటి వణుకుని స్పాంజి బాగానే మింగేస్తుంది. మన వెన్ను ఎక్కువగా బాధపడేది సెకనుకి 4 నుంచి 8 సార్లు వచ్చే పైకీ కిందికీ కుదుపులకి. ఆ పరిధిలో మెత్తటి సీటు కుదుపుని తగ్గించకపోగా పెంచగలదు. గతుకుల సంగతి షాక్ అబ్సార్బర్లు చూసుకోవాలి. అవి పాడైపోతే ఆ పని సీటుకి అప్పజెప్పి, నాలుగు అంగుళాల స్పాంజి వేయించుకునేవాళ్లని చూస్తే జాలేస్తుంది.

ఇక పై తొడుగు. తోలుకి బదులుగా మొదట వచ్చిన రెక్సిన్ నూలుగుడ్డ మీద నైట్రోసెల్యులోజ్ పూసిన సరుకు. ఇవాళ అదే పేరుతో షాపుల్లో అమ్మేది చాలావరకు పీవీసీ పూసిన గుడ్డ. పీవీసీ సహజంగా పెళుసు. 1926లో అమెరికాలో బి.ఎఫ్. గుడ్‌రిచ్ కంపెనీలో వాల్డో సీమన్ రబ్బరుని లోహానికి అంటించే జిగురు కోసం వెతుకుతూ, దాన్ని బాగా వేడిమీద మరిగే ద్రావకంలో ఉడికించాడు. జిగురు రాలేదు, సాగే ప్లాస్టిక్ వచ్చింది. గొలుసుల్లాంటి అణువుల మధ్య నూనెలాంటి పదార్థం చేరితే అవి ఒకదాని మీద ఒకటి జారతాయి, మెత్తదనం అక్కడిది. రెక్సిన్‌లోని పీవీసీ పూతలో ఈ నూనె దాదాపు మూడో వంతు దాకా ఉండొచ్చు.

సీటు చావు కూడా ఆ నూనెతోనే మొదలవుతుంది. మే నెలలో ఎండలో నిలబెట్టిన బైకు నల్లసీటు మీద చెయ్యి పెట్టలేం. ఆ వేడికి నూనె కొద్దికొద్దిగా ఆవిరవుతుంది, పైకి ఊరుతుంది. అతినీలలోహిత కిరణాలు పీవీసీ గొలుసులనే తెంపుతాయి. టాంకు నింపేటప్పుడు ఒలికిన పెట్రోలు ఆ నూనెని కరిగించి లాక్కుపోతుంది. అందుకే చాలాసార్లు తొడలు రాసుకునే చోటా, కుట్ల వెంబడీ ముందు బీటలు వారుతుంది. పోతే ఒక సన్న బీట, అంతేకదా అని వదిలేస్తాం. అసలు నష్టం అక్కడి నుంచే. స్పాంజిలో బుడగలన్నీ ఒకదానిలోకి ఒకటి తెరుచుకుని ఉంటాయి. ఒక్క వర్షానికి తాగిన నీళ్లు ఆ బీటలోంచి తిరిగి ఆరవు. కూర్చున్నప్పుడల్లా ప్యాంటు తడవడం పైకి కనిపించే లక్షణం. లోపల రేకు తుప్పు పడుతుంది, స్పాంజి ముక్కవాసన వేసి పొడిపొడిగా రాలుతుంది.

ఇప్పుడు కుషన్ షాపుకి వెళ్దాం. మంచి పనివాడు చేసే మొదటి పని సీటు తిరగేసి అంచు చూడటం. పాత రేకు సీటుకి చుట్టూ ఇనప పళ్లుంటాయి, వాటిని లేపి కవరు తీస్తాడు. ప్లాస్టిక్ సీటుకి పిన్నులుంటాయి, ఒక్కొక్కటే పీకుతాడు. తీసిన పాత కవరుని పారెయ్యడు. దాని కుట్లు విప్పి కొత్త రెక్సిన్ మీద పరిచి సుద్దతో గీసుకుంటాడు. కంపెనీ కవర్లలో మనం కుట్లనుకునే గీతలు కొన్ని నిజానికి కుట్లు కావు. అధిక పౌనఃపున్య విద్యుత్తుతో పీవీసీని లోపలి నుంచి వేడెక్కించి అతికించిన అచ్చులు. వాటికి రంధ్రాలుండవు, నీరు దిగదు. షాపులో కుట్టిన ప్రతి కుట్టూ ఒక రంధ్రం. కాబట్టి కూర్చునే చోట డిజైన్ కుట్లు వద్దనండి, కుట్లని పక్కలకి పంపమనండి, కింద వైపు జిగురు పూయమనండి. దారం నైలాన్‌దో పాలియెస్టర్‌దో కావాలి, నూలుది కుళ్లిపోతుంది. కుట్లు మరీ దగ్గరగా పడితే రెక్సిన్ ఆ గీత వెంబడే చిరుగుతుంది.

అణిగిన చోట స్పాంజిని కోసి, అదే గట్టిదనం ఉన్న ముక్క అతికించి, అంచులు ఎమరీ కాగితంతో రుద్ది కలిపేస్తే సరిపోతుంది. దాని మీద మెత్తటి పలక ఒకటి పరిచి పైన కవరు లాగెయ్యడం దొంగపని. కవరుని తొడిగే ముందు కాసేపు ఎండలో ఉంచితే మెత్తబడి ముడతలు రాకుండా సాగుతుంది. ముందు ముక్కు, తర్వాత వెనక తోక, ఆ రెండూ బిగిశాక పక్కలు: లాగే వరస ఇది. ముందే ఒక పక్క బిగిస్తే రెండో పక్కన ముడత తప్పదు. స్పాంజి మీద పాలిథిన్ కాగితం చుట్టే అలవాటు చాలాచోట్ల ఉంది. నీళ్లు రాకుండా ఉంటుంది గానీ, అడుగున గాలీ నీరూ పోయే రంధ్రాలని కూడా మూసేస్తే లోపలి తేమ లోపలే ఉండిపోతుంది. అది చుట్టకపోవడమే మేలని నా అభిప్రాయం. తీసేసిన రెక్సిన్‌నీ స్పాంజినీ షాపు వెనక తగలబెట్టనివ్వకండి. మొదటిది హైడ్రోజన్ క్లోరైడ్‌ని, రెండోది హైడ్రోజన్ సయనైడ్‌ని గాల్లోకి వదులుతాయి.

కవరు ఊడదీసే దాకా అక్కడే ఉండి, స్పాంజిని మీ చేత్తో పిండి చూడండి. నీళ్లు కారితే ఆ రోజు కొత్త కవరు వెయ్యనివ్వకండి; నీడలో పూర్తిగా ఆరాకే. సీటు మధ్యలో అడ్డంగా ఉండే బెల్టు అందానికి అడ్డమని పనివాళ్లు తీసి పక్కన పడేస్తుంటారు. వెనక కూర్చునేవాళ్లు పట్టుకోవడానికి శాశ్వతమైన పిడి ఉండాలని 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వ నిబంధన చెబుతోంది. మీ బైకుకి వేరే పిడి లేకపోతే ఆ బెల్టు తిరిగి బిగించాల్సిందే. వెనక మనిషి కూర్చునే సీటు బండికి గట్టిగా బిగించి ఉండాలని మోటారు వాహనాల చట్టం 128వ సెక్షను కూడా అంటోంది. అంచున మడిచిన కొత్త రెక్సిన్ దళసరి వల్ల సీటు తాళం సరిగ్గా పడకపోవడం మామూలే. ముందు కొక్కెం టాంకు కింది పట్టీలో దూరిందో లేదో చూడండి, తాళం పడ్డాక సీటుని రెండు చేతులతో పైకి లాగి చూడండి. కదలకపోతే అప్పుడు డబ్బులివ్వండి.