చీకట్లో మెరిసే అంకెలు

మావారికి పాత వాచీలంటే పిచ్చి. బ్యాటరీవి కాదు, కీ ఇచ్చేవి. అందులోనూ సముద్రంలో డైవింగు చేసేవాళ్ళ కోసం చేసినవంటే మరీ మోజు. నీటి అడుగున చీకటి కదా, టైము కనబడాలని వాటి అంకెలకీ ముళ్ళకీ మెరిసే రంగు పూసేవారు. 1960ల దాకా చాలా వాచీల్లో ఆ రంగు రేడియంతో చేసిందే.

రేడియం రంగు మొదట్లో పూసిందెవరో తెలుసా? ఆడపిల్లలు! అమెరికాలో, న్యూజెర్సీలోని ఆరెంజ్ అనే ఊళ్ళో 1917 నుంచీ అదే పని. కుంచె మొన సన్నబడ్డానికి పెదవుల మధ్య పెట్టి తిప్పమని నేర్పారు. ఏం కాదన్నారు. పాపం, సరదాకి గోళ్ళకి కూడా పూసుకునేవారట. తర్వాత పళ్ళూడాయి, దవడ ఎముకలు పుచ్చిపోయాయి. గ్రేస్ ఫ్రయర్ అనే అమ్మాయికి కేసు వెయ్యడానికి లాయరు దొరికేసరికే రెండేళ్ళు పట్టింది. 1927లో మరో నలుగురితో కలిసి కోర్టుకెక్కితే, 1928లో కంపెనీ రాజీకొచ్చి పరిహారమిచ్చింది. 1933లో ఆమె పోయింది.

"ఇప్పుడిది మెరవడం లేదుగా, భయమేముంది?" అంటారీయన. మెరుపు పోవడానికి కారణం అందులో కలిపిన జింక్ సల్ఫైడ్ అరిగిపోవడం. రేడియం సగానికి తగ్గాలంటే 1600 ఏళ్ళు పడుతుంది! అద్దం మూసి ఉన్నంతసేపు ముప్పు తక్కువే. విప్పితేనే ప్రమాదం, రాలిన పొడి ఊపిరిలోకి పోతుంది. రిపేరు అబ్బాయి అలవాటుకొద్దీ 'ఉఫ్' అని ఊదాడంటే ఇంకేముంది! రేడియం సంగతి ముందే చెప్పి ఇవ్వాలి.

మా పడగ్గది సొరుగులోని వాచీని వరండా బీరువాకి మార్పించాను. ఆయనింకా సణుగుతూనే ఉన్నారు.